ఫాస్ట్ ఎడ్డీ క్లార్క్ పోయాడు. అతని గిటార్ వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బండరాయి_బీట్:
పొద్దున్నే ఫోన్ తెరిస్తే ఇదే వార్త. బ్రిటిష్ రాక్ బ్యాండ్ మోటార్‌హెడ్ పాత గిటారిస్టు ఫాస్ట్ ఎడ్డీ క్లార్క్ నిన్న, 2018 జనవరి 10న పోయాడట. న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉన్నాడట, వయసు 67. 2015 నవంబర్‌లో డ్రమ్మర్ ఫిల్ టేలర్, డిసెంబర్‌లో పాడుతూ బేసు వాయించే లెమ్మీ, ఇప్పుడు ఇతను. 'ఏస్ ఆఫ్ స్పేడ్స్' ఆల్బమ్ అట్ట మీద నల్ల తోలు బట్టల్లో కౌబాయ్‌ల్లా నిలబడ్డ ముగ్గురిలో ఇక ఒక్కరూ లేరు.

సిగ్గుగానే ఉంది గానీ ఒప్పుకుంటాను. పదేళ్లుగా మోటార్‌హెడ్ వింటున్నా, లెమ్మీ పోయిన మర్నాడు ఆఫీసుకి నల్ల టీషర్ట్ వేసుకెళ్లినవాణ్ణి, ఎడ్డీ గురించి రెండు ముక్కలు చెప్పమంటే నా దగ్గర ఏమీ లేదు. నా చెవికి అతని గిటారూ లెమ్మీ బేసూ కలిసిపోయి ఒకటే ముద్దలా వినిపిస్తాయి. అతను ఏం వాయిస్తున్నాడో విడిగా పట్టుకోవాలంటే ఏ పాటతో మొదలుపెట్టాలి? ఇంకో మాట కూడా అడిగేస్తాను, తిట్టుకోకండి: నిజంగా అంత గొప్పవాడేనా, లేక పోయాడు కదా అని పొగుడుతున్నామా?

ఆరోతీగ:
బ్రో, ఆ ముద్ద నీ చెవి తప్పు కాదు, ఆ బ్యాండ్ పద్ధతే అది. లెమ్మీ రికెన్‌బ్యాకర్ బేసుని మార్షల్ యాంప్‌లో పెట్టి, యాంప్‌లో కింది శబ్దాలూ (బేస్) పై శబ్దాలూ (ట్రెబుల్) బాగా తగ్గించి మధ్య శబ్దాలు (మిడ్) మొత్తం పెంచేసేవాడు. పైగా ఒక్కో నోటు కాదు, ఏకంగా కార్డ్స్, అంటే కొన్ని నోట్లు కలిపి ఒకేసారి, వాయించేవాడు. అంటే మామూలు బ్యాండ్‌లో రిథమ్ గిటార్ కూర్చునే కుర్చీలో ముందే లెమ్మీ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. వేరే ఏ గిటారిస్టయినా ఇంకా వాల్యూమ్ పెంచి పోటీకి దిగేవాడు. ఎడ్డీ మాత్రం పక్కకి జరిగి, పైన ఖాళీగా ఉన్న సన్నటి జాగాలో దూరాడు. అందుకే అతని గిటార్ పదునుగా, కొంచెం గీరుకున్నట్టు వినిపిస్తుంది. దీంట్లో ఒక లాభం కూడా ఉంది. ముగ్గురే ఉన్న బ్యాండ్‌లో గిటారిస్టు సోలోకి వెళ్లగానే కింద బోసిపోతుంది కదా, ఇక్కడ ఆ బాధే లేదు, కింద లెమ్మీ గోడ కడుతూనే ఉంటాడు.

నేను చదువుకునే రోజుల్లో మా బ్యాండ్‌లో ఇదే ప్రయత్నించాం. మా బేసిస్టు లెమ్మీ సెట్టింగ్ పెట్టాడు, నేను నా మామూలు సౌండ్‌తో వాయించాను, రికార్డింగ్ వింటే నేనున్నానో లేనో మా వాళ్లకే తెలియలేదు. నా యాంప్‌లో బేసు మొత్తం తీసేశాక గానీ నా గిటార్ బయటపడలేదు. ఎడ్డీ మీద గౌరవం ఆ సాయంత్రమే పుట్టింది నాకు.

నీ ప్రశ్నకి జవాబు: 'ఓవర్‌కిల్' ఆల్బమ్, 1979, 'మెట్రోపోలిస్' పాట. నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి దాక్కోవడానికి చోటు లేదు. సోలో విను, అది మెటల్ కాదు, అచ్చమైన బ్లూస్. అతని చేతి వేళ్లు ఎక్కడ పెరిగాయో అక్కడ తెలిసిపోతుంది. అదే ఆల్బమ్‌లో 'క్యాప్రికార్న్' కూడా విను. ఎడ్డీయే చెప్పిన సంగతి ఇది: గిటార్ ట్యూన్ చేసుకుంటుంటే నిర్మాత జిమ్మీ మిల్లర్ చెప్పకుండా టేప్ తిప్పాడు, ట్యూనింగ్ అయ్యి లోపలికెళ్తే ఇది చాలు అన్నాడు, దానికి కాస్త ఎకో తగిలించాడు, అదే సోలో అయి కూర్చుంది. ఈ జిమ్మీ మిల్లర్ అంతకుముందు రోలింగ్ స్టోన్స్ ఆల్బమ్‌లు చేసినవాడు, ఏది ఉంచాలో తెలిసినవాడు.

సీ60:
ఎడ్డీ పేరు వింటే నాకు సగం పాట గుర్తొస్తుంది. నిజంగానే సగం. 90ల్లో హైదరాబాద్‌లో ఈ సంగీతం దొరకాలంటే ఎవరో ఒకరిని బతిమాలుకుని క్యాసెట్‌లోకి కాపీ చేయించుకోవడమే. మా సీనియర్ ఒకాయన 'ఏస్ ఆఫ్ స్పేడ్స్' ఇచ్చాడు, 60 నిమిషాల క్యాసెట్‌లో ఒకవైపు మొత్తం అదే. ఆల్బమ్ ఏమో 36 నిమిషాల పైన, సైడ్ ఏమో 30. 'బైట్ ద బుల్లెట్' ఆగకుండా నేరుగా 'ద చేజ్ ఈజ్ బెటర్ దాన్ ద క్యాచ్'లోకి దొర్లుతుంది, ఎడ్డీ ఆ బరువైన రిఫ్, అంటే మళ్లీ మళ్లీ తిరిగొచ్చే గిటార్ ముక్క, అందుకుంటాడు, తల ఊపడం మొదలెడతాం, అంతే, టక్. టేప్ అయిపోయింది. ఆ టక్ నాకు పాటలో భాగమైపోయింది.

నాలుగేళ్లు అలాగే విన్నాను. ఆ రిఫ్ తర్వాత ఏం వస్తుందో ఊహించుకుని నా ఇష్టమొచ్చినట్టు హమ్ చేసేవాణ్ణి. తర్వాత ఉద్యోగం వచ్చి సీడీ కొన్నాక మొదట పెట్టింది పదకొండో పాటే. నా ఊహ కంటే అసలుది చాలా బాగుంది అని చెప్పడానికి ఏమీ మొహమాటం లేదు. తొందరే లేదు ఆ పాటలో, పేరుకే ఫాస్ట్ ఎడ్డీ! అందుకని బండరాయి గారూ, నా ఓటు దానికి. 'ద హ్యామర్' అనే పన్నెండో పాట ఒకటుందని కూడా ఆ రోజే తెలిసింది నాకు.

తిక్కశంకరుడు:
అందరూ పొగుడుతున్నారు, నేనొక్కణ్ణి అడ్డం తిరుగుతాను. గిటార్ గురించి పేచీ లేదు. కానీ 1982లో బ్యాండ్ వదిలేసిన తీరు చూడండి. 'నో స్లీప్ టిల్ హామర్‌స్మిత్' లైవ్ ఆల్బమ్ బ్రిటన్‌లో నంబర్ వన్ అయి ఇంకా ఏడాదే. లెమ్మీ సరదాగా ప్లాస్మాటిక్స్ బ్యాండ్ గాయని వెండీ విలియమ్స్‌తో 'స్టాండ్ బై యువర్ మ్యాన్' అనే కంట్రీ పాట రికార్డ్ చేద్దామన్నాడు. ఎడ్డీకి నచ్చలేదు, అమెరికా టూర్ మధ్యలో వెళ్లిపోయాడు. ఒక్క పాట కోసం! గొప్పవాళ్ల లిస్టుల్లో పేరు లేదంటే సగం కారణం అతనే. ఆ తర్వాత 30 ఏళ్లకు పైగా మోటార్‌హెడ్ తిరుగుతూనే ఉండేది, కొత్త తరాలు చూసింది తర్వాతి గిటారిస్టు ఫిల్ క్యాంప్‌బెల్‌ని.

ఆరోతీగ:
@తిక్కశంకరుడు ఒక్క పాట కోసం ఎవరూ అలా పోరు అన్నా, ఎక్కడో ముందే తెగి ఉంటుంది. మీరు ఆ పాట విన్నారా? నేను రెండుసార్లు విన్నాను, రెండోసారి ఎడ్డీ పక్షాన చేరిపోయాను. 'వదిలేసి పోయాడు' అనేముందు మొదటి సంగతి కూడా చూడాలి. 1976లో అతన్ని తీసుకున్నది రెండో గిటారిస్టుగా, అప్పటికి ల్యారీ వాలిస్ ఉన్నాడు. వాలిస్ వెళ్లిపోతే మొత్తం బరువు ఇతని మీద పడింది. 77 వేసవి ముందు అయితే బ్యాండ్‌కి దుకాణం కట్టేసే పరిస్థితి. చిస్విక్ రికార్డ్స్ కంపెనీ ఒక సింగిల్ (ఒకటి రెండు పాటల రికార్డు) చేసుకోమని రెండు రోజులు స్టూడియో ఇస్తే, వీళ్లు ఆ రెండు రోజుల్లో ఆల్బమ్‌కి సరిపడా పాటలు బాదేశారు. మొదటి ఆల్బమ్ అలా వచ్చింది. ఆకలి రోజుల్లో ఉన్నవాడు నంబర్ వన్ అయ్యాక అహంతో పోయాడంటే నేను నమ్మను. ఎడ్డీ తర్వాత వచ్చిన బ్రయాన్ రాబర్ట్‌సన్ థిన్ లిజ్జీ బ్యాండ్‌లో పెద్ద పేరున్నవాడు, ఇతనితో చేసిన ఆల్బమ్ 'అనదర్ పర్ఫెక్ట్ డే' నాకు ఇష్టం కూడా, కానీ పాత పాటలు వాయించనని మొండికేశాడు, ఒక్క స్టూడియో ఆల్బమ్‌తో సరి.

గోదారిగట్టు:
ఫాస్ట్‌వే గురించి ఒక్కరూ మాట్లాడలేదేంటి? మోటార్‌హెడ్ నుంచి బయటికి వచ్చాక ఎడ్డీ, యూఎఫ్ఓ బ్యాండ్ బేసిస్టు పీట్ వేతో కలిసి పెట్టిన బ్యాండ్. ఫాస్ట్ ప్లస్ వే, అదీ పేరు. తీరా మొదటి ఆల్బమ్ రాకముందే పీట్ వే తప్పుకున్నాడు, పేరులో సగం మాత్రం మిగిలిపోయింది. డ్రమ్స్ మీద 'హంబుల్ పై' బ్యాండ్ వాడు జెర్రీ షర్లీ, పాడింది డేవ్ కింగ్ అనే ఐరిష్ కుర్రాడు, తర్వాత ఫ్లాగింగ్ మాలీ బ్యాండ్ పెట్టింది ఆయనే. 1983 ఆల్బమ్‌లో 'సే వాట్ యూ విల్' పెట్టి చూడు బండరాయి. ఇక్కడ కింద లెమ్మీ గోడ లేదు, ఎడ్డీ ఒక్కడే రిఫ్ మోస్తున్నాడు, నువ్వడిగిన 'విడిగా' అంటే ఇదే. మోటార్‌హెడ్ కంటే లెడ్ జెప్పెలిన్‌కి దగ్గరగా ఉంటుంది, దాన్ని తిట్టేవాళ్లు ఉన్నారు, ఉండనీ.

అతను పాడాడని కూడా చాలామందికి తెలియదు. మోటార్‌హెడ్ 'బాంబర్' ఆల్బమ్‌లో 'స్టెప్ డౌన్' పాట ఎడ్డీ గొంతే. 1981లో గర్ల్‌స్కూల్ అనే బ్యాండ్‌తో కలిసి చేసిన ఈపీ (కొద్ది పాటల చిన్న రికార్డు)లో 'ఎమర్జెన్సీ' కూడా. అప్పటికి ఫిల్ టేలర్ మెడ విరగ్గొట్టుకుని ఉన్నాడు, డ్రమ్స్ గర్ల్‌స్కూల్ డెనీస్ వాయించింది. గాయకుడిగా గొప్పేం కాదు, మామూలుగా పాడతాడు, అదే బాగుంటుంది.

ఇంకోటి, 2014 నవంబర్‌లో బర్మింగ్‌హామ్‌లో మోటార్‌హెడ్ స్టేజీ ఎక్కి 'ఏస్ ఆఫ్ స్పేడ్స్' వాయించాడు. 32 ఏళ్ల పాత గొడవలు, లెమ్మీ అప్పటికే నీరసంగా ఉన్నాడు. శంకరుడు గారూ, ఆ వీడియో ఒకసారి చూసి రండి, తర్వాత కొట్లాడుకుందాం.

తిక్కశంకరుడు:
చూశాను. కొట్లాట రేపటికి వాయిదా.

బండరాయి_బీట్:
అందరికీ థాంక్స్. ఆఫీసు బస్సులో 'మెట్రోపోలిస్' నాలుగుసార్లు విన్నాను. మొదటి రెండుసార్లు మళ్లీ ముద్దే. మూడోసారి ఆరోతీగ చెప్పినట్టు బేసుని వదిలేసి పైన సన్నటి జాగాలో వెతికితే దొరికాడు, సోలోలో ఒక నోటుని పైకి లాగి అక్కడే కాసేపు వేలాడదీసి వదులుతాడు చూడండి, అది పదేళ్లుగా నా ఫోన్‌లోనే ఉందంటే నమ్మలేకపోతున్నా. దిగాల్సిన స్టాప్ కూడా దాటేశాను.

సీ60 గారూ, 'చేజ్' ఇప్పుడే పెట్టాను. 'బైట్ ద బుల్లెట్' నుంచే మొదలెట్టాను.

సీ60:
అర నిమిషం అయ్యాక నా తరఫున ఒక టక్ అనుకో. మిగతాది నువ్వు విను.