దేవదాసు, పార్వతిని విడదీసింది విధా, ఉత్తరమా?

హన్మకొండ చెల్లె:
నిన్న రాత్రి మా ఇంట్లో మళ్లీ అదే లొల్లి. టీవీలో 1953 నాటి 'దేవదాసు' వస్తే అందరం కూర్చుని చూశాం, అయిపోగానే బాపు ఎప్పటిలాగే "అంతా తలరాత బిడ్డా" అన్నాడు. నాకు ఒప్పబుద్ధి కావట్లేదు. పరువు పక్కనపెట్టి అర్ధరాత్రి దేవదాసు గది దాకా వచ్చింది పార్వతి. తండ్రి కాదనగానే పట్నం పోయి, నీ మీద నాకు అట్లాంటి ప్రేమ లేదని ఉత్తరం రాసింది దేవదాసు. అది విధి రాసిందా?

జమ్మికుంట అన్న:
చెల్లే, ఈ సినిమాకు మూలం బెంగాలీ రచయిత శరత్‌బాబు నవల, అది అచ్చయింది 1917లో. దేవదాసు తండ్రి జమీందారు, ఈయన చదువుకునే పిల్లగాడు, సొంత సంపాదన రూపాయి లేదు. నవలలో సంబంధం వద్దనడానికి కారణం ఏంటి? పార్వతి వాళ్లింట్లో ఆడపిల్లకు ఓలి, అంటే కన్యాశుల్కం, తీసుకునే ఆనవాయితీ ఉంది, పైగా పక్కింటితో వియ్యమా అని నామోషీ. మన ఊళ్లలో ఇయ్యాల్టికీ కులం పేరు చెప్పి విడగొడితే ఎంతమంది ఎదురు తిరుగుతున్నారు? ఉత్తరం పంపి కుమిలిపోయి తిరిగొచ్చాడు కదా, అది లెక్కలోకి రాదా?

కాజీపేట వాసి:
వచ్చి ఏం చేశాడో కూడా చెప్పు అన్నా. నీకు అమ్మానాన్నలుంటే నాకు లేరా అని పార్వతి నిలదీస్తే, నవలలో గాలం కర్రతో నుదుటి మీద కొట్టాడు, రక్తం కారింది. దాన్ని ప్రేమ గుర్తని మురిసేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది.

హన్మకొండ చెల్లె:
అన్నా, కట్టుబాటు సంగతి నిజమే. ధైర్యం లేకపోవడం తప్పని నేను అనలేదు. "మావాళ్లు ఒప్పుకోవట్లేదు, ఎదిరించే ధైర్యం నాకు లేదు" అని రాస్తే ఆమె ఏడ్చి ఊరుకునేదేమో, అంతేగానీ ప్రేమే లేదని ఎందుకు రాయాలి? భయం తనది, మాట పడింది ఆమె.

ఒకటి చెప్తా. చివర్లో పార్వతి పరుగెత్తుకొచ్చేసరికి తలుపులు మూసేస్తారు చూడండి, అక్కడ బాపు కళ్లు తుడుచుకుంటాడు. మా నాయినమ్మ అక్కడ ఉండదు. ఎన్నిసార్లు చూసినా ఉత్తరం సీన్ రాగానే లేచి, చాట పట్టుకుని బియ్యం చెరగడానికి వాకిట్లోకి పోతుంది. ఎందుకని మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. నిన్న కూడా పోయింది. పొద్దున చెరిగి పెట్టిన బియ్యాన్నే మళ్లీ చెరిగింది.