ఊరికి మేలు చేసిన వ్యాపారి ఎవరు: విరాళం ఇచ్చినవాడా, బిల్లు టైముకి కట్టినవాడా?

వడపోత:
మా వర్తక సంఘం ఏటా ఒక వ్యాపారికి అవార్డు ఇస్తుంది, "సమాజానికి మేలు చేసిన వ్యాపారి" అని. ఈసారి ఎంపిక చేసే ఐదుగురిలో నేనొకణ్ణి. పాతిక పేర్లు వస్తే వడగట్టి రెండు మిగిల్చాం. అక్కడ బండి ఆగిపోయింది.

మొదటాయన బడికి రెండు గదులు కట్టించారు, ఆస్పత్రికి అంబులెన్స్ ఇచ్చారు, పేద పిల్లల ఫీజులు కడతారు. ఎవరు తలుపు తట్టినా వట్టి చేతులతో పంపరు. కాకపోతే ఆయనకి సరుకు వేసేవాళ్ళకి డబ్బు అందడానికి ఆరేడు నెలలు పడుతుందని అందరూ అంటారు. కాగితం మీద రాసివ్వమంటే మాత్రం ఎవరూ ముందుకు రారు.

రెండో ఆయన నలభై మందితో చిన్న యూనిట్ నడుపుతారు. ఒకటో తారీఖున జీతాలు, పదిహేను రోజుల్లో బిల్లులు. దరఖాస్తులో "విరాళాలు" అన్నచోట అడ్డగీత గీసి పంపారు. ఆ గీత చూసి మాలో ఇద్దరు నవ్వారు.

నా ఓటు ఎటు వెయ్యాలో తేలట్లేదు. మీరేమంటారు?

తూనికరాయి:
ఇందులో ఆలోచించడానికి ఏముందండీ, మొదటాయనే. జీతం టైముకి ఇవ్వడం గొప్పేంటి, అది బాధ్యత. బాధ్యత చేసినందుకు అవార్డిస్తే రేపు ఎర్రలైటు దగ్గర బండి ఆపినవాడికీ ఇవ్వాలి. గదులు కట్టమని ఆయన్ని ఎవరూ బలవంతపెట్టలేదు. అయినా కట్టారు. వాటిలో పిల్లలు కూర్చుని చదువుకుంటున్నారు. నలభై మందికి జీతం ఇచ్చినాయన దానికి బదులుగా నలభై మంది పని తీసుకున్నాడు, చెల్లుకి చెల్లు.

అట్టపెట్టెలు:
తూనికరాయి గారూ, నేను అట్టపెట్టెలు తయారుచేసి సప్లై చేస్తాను. నాతో కలిపి ఆరుగురం. నా కస్టమర్లలో పెద్దాయన కూడా ఇలాంటి దాతే. ఆయన దగ్గర ఒక బిల్లు ఏడు నెలలు నడిచింది. ప్రతి శనివారం వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. సోఫాకి ఎదురుగా గోడ నిండా ఫోటోలు. ఒకదాంట్లో సార్ బారెడు చెక్కు పట్టుకుని నవ్వుతున్నారు, అట్ట మీద అంటించిన ఉత్తుత్తి చెక్కు. అంచు చూడగానే తెలిసిపోయింది, ఐదు పొరల అట్ట. నా దగ్గర చేసిందే. దాని బిల్లూ రాలేదు.

అకౌంటెంటు వారానికో మాట చెప్పేవాడు. సార్ ఊళ్ళో లేరు. బిల్లులో తేదీ తప్పు పడింది. చెక్కుబుక్కు అయిపోయింది. అవతల పేపర్ మిల్లువాళ్ళు నాకు అరువివ్వరు, లోడు దిగేముందే కట్టాలి. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాను. ఆ లెక్కన ఆయనిచ్చిన విరాళంలో నా వడ్డీ కూడా కొంత ఉంది. ఫోటోలో మాత్రం నేను లేను.

"చెల్లుకి చెల్లు" అన్నారు కదా, ముందు ఆ చెల్లు పడనివ్వండి.

పాతపేపర్:
ఈ తగాదా కొత్తది కాదు. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ డబ్బుతో రకరకాల దేశాల్లో 2,509 లైబ్రరీలు లేచాయి. అదే కార్నెగీకి పెన్సిల్వేనియాలో హోమ్‌స్టెడ్ అనే చోట మిల్లు ఉండేది. 1892లో అక్కడి కార్మికులు కూలి కోతకి ఒప్పుకోకపోతే, మిల్లు చూసుకునే హెన్రీ ఫ్రిక్ గేట్లకి తాళం వేశాడు. పింకర్టన్ ఏజెన్సీ గార్డులని నది మీద పడవల్లో రప్పించాడు. కాల్పులు జరిగి రెండు వైపులా మనుషులు పోయారు. ఆ రోజుల్లో కార్నెగీ స్కాట్లాండ్‌లో ఉన్నాడు. యూనియన్ విరిగిపోయింది, రోజుకి పన్నెండు గంటల పని మిగిలింది.

1898లో ఆ మిల్లు ఊళ్ళోనే ఆయన ఒక లైబ్రరీ తెరిచాడు. పన్నెండు గంటలు కొలిమి ముందు నిలబడి వచ్చినవాడు అందులో పుస్తకం ఎప్పుడు తియ్యాలి?

తూనికరాయి:
వాడు తియ్యకపోయినా వాడి మనవడు తీశాడు కదా. ఇంకో సంగతి మీరు వదిలేశారు. కార్నెగీ ఊరికే డబ్బు పారెయ్యలేదు. స్థలం ఊరే ఇవ్వాలి, ఇచ్చిన మొత్తంలో పదో వంతు ఏటా నిర్వహణకి ఊరే పెట్టాలి, అలా ఒప్పుకుంటేనే ఇచ్చాడు. అందుకే ఆయన పోయాక కూడా అవి నడిచాయి.

మంచి యజమానుల గురించి కూడా మాట్లాడదాం. 1995 డిసెంబరులో మసాచుసెట్స్‌లో మాల్డెన్ మిల్స్ తగలబడింది, బట్టల మిల్లు. యజమాని ఆరన్ ఫ్యూయర్‌స్టీన్‌కి అప్పటికే డెబ్భై ఏళ్ళు. ఇన్సూరెన్స్ డబ్బు తీసుకుని ఇంట్లో కూర్చోవచ్చు. కూర్చోలేదు. మిల్లు మళ్ళీ కడుతూ, పని లేక ఖాళీగా ఉన్నవాళ్ళకి నెలల తరబడి జీతాలిచ్చాడు. దేశమంతా మెచ్చుకుంది. 2001లో కంపెనీ దివాలా తీసింది, తర్వాత ఆయన చేతుల్లోంచే జారిపోయింది. నిలబడలేని మంచితనం ఎవరికి ఉపయోగం చెప్పండి?

పాతపేపర్:
ఆయన్ని ముంచింది జీతాలు కాదండీ. మిల్లు కొత్తగా కట్టడానికి చేసిన అప్పు, పైగా చవక సరుకుతో పోటీ. జీతాల మీదికి నెట్టేస్తే కథ బాగుంటుంది, అంతే.

జీతగాడు:
నాదొక చిన్న మాట. ఇదివరకు పనిచేసిన చోట జీతం ఏ తారీఖున పడుతుందో తెలిసేది కాదు. బ్యాంకు వాయిదా ఐదో తారీఖు. ప్రతి నెలా నాలుగో తారీఖు రాత్రి టెన్షన్. ఇప్పుడున్న చోట జీతం అక్కడికంటే తక్కువే, కానీ ఒకటో తారీఖు పొద్దున్నే మెసేజ్ వస్తుంది. నాలుగో తారీఖు రాత్రి హాయిగా నిద్రపోతున్నాను. దీన్ని అవార్డు ఫారంలో ఏ కాలమ్‌లో రాస్తారో మరి.

లెడ్జర్:
అసలు తిరకాసు ఆ కాలమ్‌లోనే ఉందండీ. నేను అకౌంట్స్ చూస్తాను కాబట్టి చెప్తున్నా. మన దేశంలో 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. కేవలం సొంత ఉద్యోగుల కోసం పెట్టిన ఖర్చు ఆ లెక్కలోకి రాదు. మామూలు వ్యాపారంలో భాగంగా చేసిందీ రాదు. ఆ నియమం సబబే. లేకపోతే ఆఫీసులో ఏసీ పెట్టించి సేవ అని రాసుకుంటారు. కానీ దానివల్ల ఒక అలవాటు పడిపోయింది, గడప దాటి ఇచ్చిందే సేవ అని. వడపోత గారి ఫారం కూడా అలాంటిదే.

ఇక బకాయిల సంగతి. చిన్న పరిశ్రమల కోసం 2006లో వచ్చిన చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న యూనిట్ దగ్గర కొన్నదానికి ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. అట్టపెట్టెలు గారూ, మీరు ఫిర్యాదు చెయ్యొచ్చు.

అట్టపెట్టెలు:
తెలుసండీ. చేస్తే ఆ ఒక్క బిల్లు వస్తుంది, మళ్ళీ ఆర్డరు రాదు. నా సరుకులో సగం ఆయనకే. అందుకే వడపోత గారికి ఎవరూ కాగితం మీద రాసివ్వట్లేదు.

కొత్తనీరు:
ఇచ్చాడా లేదా అనే అందరూ అడుగుతున్నారు. ఇచ్చాక తాళంచెవి ఎవరి దగ్గరుందని నా ప్రశ్న.

రైలు బోగీలు చేసే జార్జ్ పుల్‌మన్ 1880లలో షికాగో పక్కన కార్మికుల కోసం ఒక ఊరే కట్టాడు. మంచి ఇళ్ళు, పార్కు, లైబ్రరీ, అన్నీ ఉన్నాయి. చూడటానికి జనం వచ్చేవాళ్ళు. కానీ ఇల్లు, బజారు, చర్చి, అన్నీ కంపెనీవే. 1893లో మాంద్యం రాగానే కూలి కోశాడు, ఇంటి అద్దె మాత్రం పైసా తగ్గించలేదు. యజమానీ అతనే, ఇంటి ఓనరూ అతనే, ఎవరికి చెప్పుకుంటారు? 1894లో సమ్మె మొదలై దేశంలో చాలా చోట్ల రైళ్ళు ఆగిపోయాయి. చివరికి 1898లో, ఫ్యాక్టరీకి అవసరం లేని ఆస్తి అమ్మెయ్యమని ఇల్లినాయ్ సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంగ్లాండ్‌లో జార్జ్ క్యాడ్‌బరీ కూడా బోర్న్‌విల్‌లో ఇళ్ళు కట్టించాడు. కాకపోతే అవి తన ఉద్యోగులకే పరిమితం చెయ్యలేదు. 1900లో ఊరు మొత్తాన్ని ఒక ట్రస్టుకి రాసిచ్చేశాడు. ఆ ట్రస్టు ఇవాళ్టికీ నడుస్తోంది. ఇద్దరూ ఊళ్ళే కట్టారు, కానీ ఒకడు వదిలాడు, ఒకడు వదల్లేదు.

వడపోత గారూ, ఆ బడి గదులు ఎవరి పేరు మీదున్నాయో, అంబులెన్స్ డీజిల్ ఎవరు పోయిస్తున్నారో కనుక్కోండి.

పాతపేపర్:
క్యాడ్‌బరీని దేవుణ్ణి చేసే ముందు ఒక్క మాట. ఆ కంపెనీ కొనే కోకో కొంత పోర్చుగల్ చేతికింద ఉన్న సావో టోమే దీవి నుంచి వచ్చేది. అక్కడి తోటల్లో బానిసల చేత పని చేయిస్తున్నారన్న సంగతి 1901లోనే వాళ్ళ చెవిన పడింది. కొనడం మానేసింది 1909లో. బోర్న్‌విల్‌లో చక్కటి తోటలున్న ఇళ్ళు, అవతల దీవిలో ఇదీ సంగతి. "సమాజం" అంటే ఎంతవరకో మీ సంఘంవాళ్ళు ముందు తేల్చుకోవాలి. సరుకు వేసేవాడు అందులో ఉన్నాడా, లేడా?

తూనికరాయి:
ఇలా తవ్వుకుంటూ పోతే ఒక్కడూ మిగలడు. అవార్డు ఎత్తేసుకోండి. అయినా ఒకటి ఒప్పుకుంటాను, ఏడు నెలలు ఎక్కువే. మూడు నెలలైతే వ్యాపారంలో మామూలే అనేవాణ్ణి.

అట్టపెట్టెలు:
ఆ మామూలు ఎవరికి మామూలు, సార్?

వడపోత:
నిన్న మీటింగ్ అయింది. మీ మాటలు కొన్ని అక్కడ చదివాను, జీతగాడు గారి నాలుగో తారీఖు కూడా. బడి గదులు ప్రభుత్వానికే రాసిచ్చేశారట. అంబులెన్స్ డీజిల్, డ్రైవరు జీతం ఇప్పటికీ ఆయనే ఇస్తున్నారు. ఆ విషయంలో ఆయనకి మార్కులు వెయ్యాల్సిందే.

తర్వాత ఇద్దరినీ సరుకు వేసేవాళ్ళ జాబితా, ఫోన్ నంబర్లు పంపమని అడిగాం, ఏ పదిమందికో ఫోన్ చేద్దామని. రెండో ఆయన పంపనన్నారు. "వాళ్ళని మీ పోటీలోకి లాగను, నాకు అవార్డు లేకపోయినా పర్లేదు" అని ఫోన్ పెట్టేశారు. నవ్విన ఇద్దరిలో ఒకాయన ఇప్పుడు ఆయనకే ఓటంటున్నారు.

మొదటాయన ఆఫీసు నుంచి మాత్రం సాయంత్రానికల్లా జాబితా వచ్చేసింది.

అట్టపెట్టెలు:
ఎంతమంది ఉన్నారండీ అందులో?

వడపోత:
పేర్లు చెప్పకూడదు. పదకొండు మంది. అంత పెద్ద ఫ్యాక్టరీకి పదకొండు మందే. అట్టపెట్టెలవాళ్ళు ఒక్కరూ లేరు.