అభివృద్ధి జరుగుతున్న దేశంలో ప్రభుత్వం ఎందుకు కూలింది? బంగ్లాదేశ్ గురించి ఒక సందేహం

చదువరి:
బంగ్లాదేశ్‌లో ఆర్థిక వృద్ధి పదేళ్లకు పైగా ఏటా 6 శాతానికి అటూ ఇటూగా సాగింది. దుస్తుల పరిశ్రమ ఒక్కటే దాదాపు 40 లక్షల మందికి, వారిలో అధికభాగం ఆడవారికి, పని చూపించింది. పద్మా నది మీద సొంత నిధులతో వంతెన కట్టుకుని 2022లో ప్రారంభించుకున్నారు. అలాంటి దేశంలో 2024 ఆగస్టు 5న ప్రధానమంత్రి షేక్ హసీనా దేశం విడిచి వెళ్లాల్సి రావడం నాకు అంతుపట్టడం లేదు. ఆకలి పెరిగితే తిరుగుబాటు వస్తుందని విన్నాను గాని, పేదరికం తగ్గుతున్న చోట ఎందుకు వచ్చిందో తెలిసినవారు వివరించగలరు.

కృష్ణాతీరం:
తిండికి ఇబ్బంది తీరిన ఇంట్లోనే పిల్లలను పైచదువులకు పంపుతారండి. అక్కడ కుట్టుమిషన్ల వరుసల్లో పని దొరికినంతగా డిగ్రీ చేతపట్టుకుని వచ్చినవారికి కొలువులు దొరకలేదు కనుక, ప్రభుత్వోద్యోగం ప్రాణప్రదమైంది. అందులో 56 శాతం రిజర్వేషన్ల కిందికి పోయేది. 1971 యుద్ధంలో పోరాడిన స్వాతంత్ర్య సమరయోధుల పిల్లలకూ మనవలకే 30 శాతం. విద్యార్థుల ఆందోళనకు తలొగ్గి 2018లో రద్దు చేసిన ఆ కోటాను 2024 జూన్‌లో హైకోర్టు పునరుద్ధరించడంతో మళ్లీ రోడ్డెక్కారు. జూలై 16న రంగ్‌పూర్‌లో అబూ సయీద్ అనే విద్యార్థి, చేతిలో ఒక కర్ర తప్ప మరేమీ లేకుండా, రెండు చేతులూ బార్లా చాచి పోలీసుల ఎదుట నిలబడి తూటాలకు బలి కావడాన్ని దేశమంతా ఫోన్లలో చూసింది. ఆ దృశ్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

పాలమూరు పాఠకుడు:
కృష్ణాతీరం గారూ, ఉద్యోగాల మాట నిజమే గాని, అదొక్కటే కారణమైతే గొడవ జూలై 21తో చల్లారాలి. 93 శాతం కొలువులు ప్రతిభ ఆధారంగానే ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆ రోజే తేల్చింది. అప్పటికే వందమందికి పైగా చనిపోయారు, ఆ చావులకు జవాబు అడగడానికి వీధి తప్ప మరో చోటు లేదు. 2014 ఎన్నికల్లో 300 స్థానాలకు గాను 153 ఏకగ్రీవమయ్యాయి. 2024 జనవరిలోనూ ప్రధాన ప్రతిపక్షం బరిలో లేదు. ఓటుతో కోపం చెప్పుకునే దారి మూసేస్తే, పదేళ్ల అసంతృప్తి అంతా వచ్చి కోటా లాంటి ఒక్క విషయం మీద పడుతుందని నా అభిప్రాయం.

పాత ఓటరు:
పాఠకుడు గారితో ఏకీభవిస్తాను. బంగ్లాదేశ్ ఇంకా తూర్పు పాకిస్తాన్‌గా ఉన్నప్పుడు, 1968లో, పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ ప్రభుత్వం తన పదేళ్ల పాలనను 'అభివృద్ధి దశాబ్ది' పేరుతో వేడుకగా జరిపింది. ఫ్యాక్టరీలు పెరిగిన మాట వాస్తవం. కానీ జనపనార ఎగుమతుల డబ్బు పశ్చిమ పాకిస్తాన్‌కు తరలుతోందని తూర్పువారు రగిలిపోతుండగా, అధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు రెండు వైపులా కలిపి 80 వేలమంది ప్రతినిధులకే ఉండేది. 1969 జనవరిలో ఢాకా విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, మార్చి 25న ఆయన గద్దె దిగారు, రెండేళ్లకు దేశమే రెండైంది.

అదే జనవరిలో మన తెలంగాణలోనూ ఉద్యోగాల విషయంలోనే, స్థానికులకే కొలువులు ఇవ్వాలనే ముల్కీ నిబంధనలు అమలు కావడం లేదని, విద్యార్థులు కదిలారు. ఇక్కడా కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి, ప్రత్యేక రాష్ట్రం 2014 దాకా రాలేదు. అయితే 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఉద్యమం నడిపిన తెలంగాణ ప్రజా సమితికి ఈ ప్రాంతంలోని 14 స్థానాల్లో 10 దక్కాయి. అడిగేది ఢిల్లీలో కూర్చుని అడగడానికి ఆ ప్రజలకు పదిమంది దొరికారు.