“ఖలునకు నిలువెల్ల విషము”: సోషియోపాత్‌ని ఖలుడు అనవచ్చా?

సోషియోపాత్‌కి తెలుగులో “ఖలుడు” సరిపోతుందా అని ఇక్కడ ఒకరు అడిగారు. సోషియోపాత్ అంటే ఎదుటివాళ్లని మోసగించి, బాధపెట్టి కూడా పశ్చాత్తాపం లేని మనిషి. ముందు సుమతీ శతకంలోని పద్యం చూద్దాం.

తలనుండు విషము ఫణికిని
వెలయంగాఁ దోక నుండు వృశ్చికమునకున్
దలతోక యనక యుండును
ఖలునకు నిలువెల్ల విషము గదరా సుమతీ!

నా మటుకు నాకు సరిపోదు. ఖలుడు అంటే దుర్మార్గుడని తేల్చేయడమే. సోషియోపాత్ అనేది ఇప్పుడు డాక్టర్లు రాసే రోగం పేరు కూడా కాదు. వాళ్లు వాడేది యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్, అంటే ఎదుటివాళ్ల హక్కులని లెక్కచేయని వ్యక్తిత్వ రుగ్మత. అది నిర్ధారించాలంటే మనిషికి 18 ఏళ్లు నిండాలి, 15 ఏళ్లలోపే ప్రవర్తనలో తేడాలు కనిపించి ఉండాలి. కోపిష్టికీ, మనతో తెగతెంపులు చేసుకున్నవాళ్లకీ ఆ పేరు తగిలించడం అన్యాయం.

కానీ “తలతోక యనక” అన్న మాట దగ్గర మాత్రం ఆగి చూడాలి. పాముకి తల, తేలుకి తోక. ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుసు. ఇలాంటి మనిషి విషయంలో ఫలానా చోట అని చూపించలేం. వాళ్లతో కాపురం చేసినవాళ్లని, పని చేసినవాళ్లని “ఇంతకీ ఏం చేశాడు?” అని అడగండి, వెంటనే చెప్పలేరు. విడివిడిగా చూస్తే అన్నీ చిన్నవే. ఇచ్చిన అప్పు తిరిగి అడిగితే “నన్నే అనుమానిస్తావా?” అని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. మర్నాడు నలుగురిలో “పాపం, తనకి ఈమధ్య మతిమరుపు” అంటాడు. నిలదీస్తే “నీకలా అనిపిస్తే సారీ” అంటాడే తప్ప “తప్పు చేశాను” అన్న మాట నోట రాదు. ఇందులో ఏ ఒక్కటీ రుజువు కాదు, మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు చేసేవే. ఏళ్ల తరబడి, మనిషి తర్వాత మనిషితో అదే జరుగుతూ, ఎదుటివాడి బాధకి చలనమే లేకపోతే అప్పుడు ఆలోచించాలి.

“గోముఖ వ్యాఘ్రం” కూడా బాగుంటుంది గానీ, అది తీయటి మాటల వరకే చెబుతుంది. పశ్చాత్తాపం లేకపోవడం అందులో లేదు.

కాబట్టి సోషియోపాత్‌ని అలాగే తెలుగు లిపిలో రాసుకుందాం. మామూలు మాటల్లో “పశ్చాత్తాపం ఎరగని మనిషి” అంటే చాలు. ఈ ప్రశ్న అడిగినవారు నిజంగా అలాంటి మనిషి పక్కన ఉంటే, మార్చాలని చూడకండి. డబ్బు సంగతులు రాతలో పెట్టుకోండి, నమ్మకమున్న ఒక్కరికైనా జరుగుతున్నది చెప్పండి, భయం వేస్తుంటే దూరం జరగండి.