ఇంట్లో పిల్లి గోళ్ళు కత్తిరించడం: మీ అనుభవాలు చెప్పండి

కంటోన్మెంట్ మేడగది, విజయనగరం
అందరికీ నమస్కారం. మేము రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. మా పిల్లి చిట్టికి రెండేళ్ళు. గడప దాటి బయటికి వెళ్ళదు. ముందుకాళ్ళ గోళ్ళు కొక్కేల్లా వంగి దుప్పట్లకూ తెరలకూ తగులుకుంటున్నాయి. మా అత్తగారికి డెబ్బై నాలుగేళ్ళు, మధుమేహం ఉంది. చిట్టి ఆవిడ ఒళ్ళోంచి దూకినప్పుడు మోచేతి మీద రక్తం వచ్చేలా పడిన గీత పది రోజులైనా మానలేదు. అప్పటి నుంచి ఆవిడ దాన్ని దగ్గరికి రానివ్వడం లేదు. అదేమో ఆవిడ గది తలుపు ముందే కూర్చుంటోంది. ఏ కత్తెర వాడాలి? ఎంతవరకు కత్తిరించాలి? రెండు గోళ్ళు నల్లగా ఉన్నాయి, వాటిలో రక్తనాళం కనిపించదు, వాటినేం చేయాలి? పగలు ఇంట్లో పట్టుకోవడానికి నాకు ఇంకొకరు లేరు, ఒక్కదాన్నే ఎలా చేయాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

పొందూరు నూలు
మా ఇంట్లో ఈ బాధ నూలుతో మొదలైంది. మా అత్త ఇప్పటికీ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద వడుకుతుంది. ఆ దవడ ఎండి ఎన్నాళ్ళయినా మా పిల్లికి అందులో చేప వాసనే తెలుస్తుంది కాబోలు, ఏకుల బుట్టను వదలదు. ఒకనాడు దాని గోరు కదురు మీది పోగులో చిక్కింది. లాక్కున్నకొద్దీ పోగు బిగిసింది, అది బెదిరి అత్త చెయ్యి కరిచింది, మూడు రోజుల వడుకు పాడైంది. తరువాత చూస్తే గోరు మొదట్లో చీలి వేలు వాచిపోయింది. అది బొటనవేలి గోరు. ముందుకాలికి నాలుగు వేళ్ళు కాక, లోపలి పక్క కాస్త పైన ఐదోది ఉంటుంది. నేలకు తగలదు కనుక అది అరగదు. ముందు ఐదేసి, వెనుక నాలుగేసి, మొత్తం పద్ధెనిమిది గోళ్ళు. చాలామంది పదహారు చూసి ఊరుకుంటారు. మిగిలిన ఆ రెండే వంగి వంగి చివరికి కాలి మెత్తలోకి దిగుతాయి. మీరు ముందుగా ఆ రెండింటినీ చూడండమ్మా.

బొబ్బిలి పద్నాలుగు పిల్లులు
ఇది ఇంత చర్చించవలసిన విషయం కాదు. నేను ఇరవై రెండేళ్ళలో పద్నాలుగు పిల్లులను పెంచాను, ఒక్కదానికీ వైద్యుడి చేత గోళ్ళు తీయించలేదు. మెడ వెనుక చర్మాన్ని గట్టిగా పట్టి ఎత్తండి. తల్లిపిల్లి కూనను నోట కరుచుకున్నట్టే కనుక పిల్లి కదలదు, మెదలదు. మనుషుల గోరుకత్తెరతో రెండు నిమిషాలలో పద్ధెనిమిదీ అయిపోతాయి. ఈ కాలంలో చిన్న పనికి కూడా తువ్వాళ్ళు, బహుమతులు, ప్రత్యేకమైన కత్తెరలు అంటున్నారు. వాటి అవసరం నాకు ఏనాడూ రాలేదు.

చీపురుపల్లి విశ్రాంత ఉద్యోగి
బొబ్బిలివారికి నమస్కారం. పశువైద్యశాలలో సహాయకుడిగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. మీరు చెప్పిన పద్ధతిని మా రోజుల్లో మేమూ పాటించాము, అది పొరపాటని నేను ఒప్పుకుంటున్నాను. కూన బరువు వేరు, నాలుగు కిలోల పిల్లి బరువు వేరు. ఆ బరువంతా మెడ చర్మం మీద వేలాడితే దానికి నొప్పి, భయం. అది కదలకపోవడం ఒప్పుకోలు కాదు, బిగుసుకుపోవడం. పిల్లుల వైద్యం మీద 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా మెడ పట్టి నిలువరించవద్దనే చెబుతున్నాయి. కొత్తగా నేర్చుకునేవారికి ఆ పద్ధతి చెప్పకండి.

బొబ్బిలి పద్నాలుగు పిల్లులు
నా పిల్లులు నొప్పితో బతికాయని అంటున్నారా? అందులో ఒకటి పదిహేడేళ్ళు నా మంచం మీదే పడుకుంది. పుస్తకం చూసి చెప్పేవారికీ, చేతులతో పెంచినవారికీ తేడా ఉంటుంది.

చీపురుపల్లి విశ్రాంత ఉద్యోగి
నేను చెప్పినదీ చేతులతో చేసిన పని నుంచే. మెడ పట్టిన పిల్లులు మరుసటి నెల మా బల్ల ఎక్కక ముందే కరిచేవి. ఒడిలో కూర్చోబెట్టుకుని రెండేసి గోళ్ళు తీసినవి ఆరో నెలకు కాలు తామే చాచేవి. మీ పిల్లి మిమ్మల్ని ప్రేమించిందనడంలో నాకు సందేహం లేదు. ఆ ప్రేమ వల్ల మెడ పట్టడం మంచి పద్ధతి అయిపోదు.

ఆమదాలవలస నర్సమ్మ
మీరిద్దరూ మెడ గురించి వాదించుకుంటున్నారు, ఆ పెద్దావిడ చేతి గాయం గురించి ఒక్కరూ అడగలేదు. విజయనగరం అమ్మా, మధుమేహం ఉన్న మనిషికి పది రోజులుగా మానని గాయం ఉంటే ముందు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, గోళ్ళ సంగతి ఆ తరువాత. మీ చిట్టికి రేబిస్ టీకా వేయించారా? గీత పడిన రోజున సబ్బుతో కడిగారా?

వంశధార కట్ట
పట్నంలో ఉండేవారికి ఒక మాట చెప్పాలి. మా ఊళ్ళో పిల్లి అంటే గాదె కాపలా. ఎలుక పట్టాలన్నా, కుక్క తరిమితే చింతచెట్టు ఎక్కాలన్నా దానికి గోళ్ళే దిక్కు. పోయిన ఏడాది మా తమ్ముడి కూతురు సెలవులకు వచ్చి, వీడియోలు చూసి, మా పిల్లి ముందుకాళ్ళ గోళ్ళన్నీ పొట్టిగా తీసేసింది. నాలుగో రోజు సాయంత్రం వీధి కుక్కలు తరిమితే అది కొబ్బరిచెట్టు మొదలు మీదికి ఎగిరి, పట్టు దొరక్క కిందికి జారింది. నేను కర్రతో పరిగెత్తేసరికి దాని వెనుక కాలు విరిగిపోయి ఉంది. ఈనాటికీ కుంటుతోంది. అందుకే గోళ్ళు కత్తిరించడమే పాపమని నేను అంటాను.

పొందూరు నూలు
మీ పిల్లికి జరిగిన దానికి నాకు చాలా బాధగా ఉంది. కానీ విజయనగరం అమ్మగారు మొదటి వాక్యాలలోనే తమ పిల్లి గడప దాటదని రాశారు. బయట తిరిగే పిల్లికి కత్తిరించకూడదన్న మీ మాట నిజం, దానికి గోళ్ళు అరిగే దారులు వేరే ఉన్నాయి. గదిలో ఉండే పిల్లికి చెట్టూ లేదు, కుక్కా లేదు. అదే నియమం దానికీ పెట్టి పాపం అనడం న్యాయం కాదు.

వంశధార కట్ట
పిల్లిని గదిలో బంధించడం మాత్రం న్యాయమా?

కంటోన్మెంట్ మేడగది, విజయనగరం
బంధించలేదండీ. కింద మెయిన్ రోడ్డు. దీని తల్లి ఆ రోడ్డు మీదే పోయింది. అందుకే దీన్ని బయటికి పంపడం లేదు. దయచేసి నల్ల గోళ్ళ గురించి ఎవరైనా చెప్పండి.

రాజాం అద్దె ఇల్లు
మా ఇంటి యజమాని తలుపులు గీకుతోందని గొడవ పెడుతున్నారు. విదేశాల్లో గోళ్ళు మళ్ళీ రాకుండా శాశ్వతంగా తీసేస్తారని విన్నాను. ఇక్కడ ఎక్కడైనా చేస్తారా?

చీపురుపల్లి విశ్రాంత ఉద్యోగి
బాబూ, ఆ ఆలోచనను దయచేసి మనసులోంచి తీసివేయండి. పిల్లి గోరు మన గోరులా చర్మం మీద ఉండదు, వేలి చివరి ఎముక నుంచే పెరుగుతుంది. గోరు మళ్ళీ రాకూడదంటే ఆ ఎముకను కోసివేయాలి. మన చేతివేళ్ళను చివరి కణుపు దగ్గర నరికితే ఎలా ఉంటుందో అదీ అలాగే ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రం 2019లో దాన్ని నిషేధించింది. మన దేశంలో జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960 నుంచి ఉంది, జంతువు అవయవాన్ని ఛేదించడం దాని ప్రకారం నేరం. తలుపు చెక్కకు రంగు వేయించుకోవచ్చు. వేలి ఎముకను తిరిగి తేలేము.

ఉద్దానం కొబ్బరితోట
రాజాంవారి తలుపుకి నా దగ్గర మార్గం ఉంది. పిల్లి తలుపును పాడుచేయాలని గీకదు. గోరు పైన ఉల్లిపొర లాంటి పాత పొర ఉంటుంది, గీకితే అది ఊడి లోపలి కొత్త గోరు బయటపడుతుంది. నేల మీద నెలవంక ఆకారంలో డొల్ల గోళ్ళు కనిపిస్తే గోరు ఊడిపోయిందని కంగారు పడకండి, అవి ఆ పొరలే. దానికి గీకే చోటు మనమే ఇవ్వాలి. నేను మూడడుగుల దుంగకు కొబ్బరి పీచు తాడును వరుస పక్కన వరుస బిగించి చుట్టాను, కింద బరువైన పలక వేసి మేకులు కొట్టాను. నిలబడి ఒళ్ళు పూర్తిగా చాచేంత ఎత్తు ఉండాలి, అది లాగినప్పుడు ఊగకూడదు. ఒకసారి ఊగి మీద పడితే మళ్ళీ దాని జోలికి పోదు. మొదట్లో పాత గోనెపట్టా చుట్టాను, కానీ దాని నేత వదులుగా ఉండి గోళ్ళు చిక్కుకున్నాయి. దుంగను అది పడుకుని లేచే చోటుకి దగ్గరగా పెట్టండి, నిద్ర లేవగానే ముందు గీకుతుంది.

బొబ్బిలి పద్నాలుగు పిల్లులు
దుంగ పెడితే గోళ్ళు కత్తిరించనక్కరలేదని అర్థమా?

ఉద్దానం కొబ్బరితోట
కాదండీ. గీకితే పొర ఊడుతుంది, మొన పదును అలాగే ఉంటుంది. మా ఇంట్లో దుంగ ఉన్నా మూడు వారాలకోసారి ముందుకాళ్ళ గోళ్ళ మొనలు తీస్తాము. వెనుక కాళ్ళవి సహజంగానే మొద్దుగా ఉంటాయి, అవసరమైతేనే తీస్తాము.

చీపురుపల్లి విశ్రాంత ఉద్యోగి
ఇక విజయనగరం అమ్మగారి ప్రశ్నలకు వస్తాను. చిట్టి తిని నిద్రకు జోగుతున్న వేళ చూసుకోండి. మొదటి నాలుగు రోజులు కత్తెర ముట్టుకోవద్దు. ఒడిలో దాని వీపు మీ పొట్టకు ఆనేలా కూర్చోబెట్టుకుని, వేలి పైన మీ బొటనవేలు, కింద మెత్త మీద చూపుడువేలు ఉంచి నెమ్మదిగా నొక్కండి. ఒరలోంచి కత్తి వచ్చినట్టు గోరు బయటికి వస్తుంది. వదిలేసి, ఉడికించిన కోడిమాంసం చిన్న పీలిక పెట్టండి. ఇలా అలవాటయ్యాక కత్తెర తీయండి. తెల్ల గోరులో లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. రక్తనాళం, నరం అక్కడే ఉంటాయి. దానికి రెండు మిల్లీమీటర్ల ముందే ఆగాలి. నల్ల గోరుకి అటువైపు నుంచి టార్చి వేసి చూడండి, అప్పటికీ కనిపించకపోతే వంగిన మొన మాత్రం తీసి వదిలేయండి. పిల్లుల కోసం చేసిన చిన్న కత్తెర మంచిది. మనుషుల కట్టర్ తప్పనిసరి అయితే దాన్ని నిలువుగా తిప్పి గోరు పైనుంచీ కిందినుంచీ నొక్కేలా పట్టుకోండి. పక్కల నుంచి నొక్కితే గోరు నలిగి నిలువునా చీలుతుంది. ఒక్క పూటలో రెండు గోళ్ళయినా చాలు. తోక విసరడం, చెవులు వెనక్కి వాల్చడం కనిపిస్తే ఆ పూటకు ఆపేయండి. ఎంతకీ లొంగకపోతే గరివిడి పశువైద్య కళాశాల మీకు దూరం కాదు, ఒకసారి అక్కడ చూపించి నేర్చుకోండి.

పొందూరు నూలు
రక్తం వస్తే ఏం చేయాలో కూడా చెప్పండి. మాకు ఒకసారి వచ్చింది, పసుపు అద్దాము.

బొబ్బిలి పద్నాలుగు పిల్లులు
పసుపు దేనికి? పటిక ముక్క తడిపి రుద్దితే వెంటనే ఆగుతుంది. మంగలి షాపుల్లో గడ్డం గీసేటప్పుడు తెగితే పెట్టేది అదే.

చీపురుపల్లి విశ్రాంత ఉద్యోగి
పటిక రక్తాన్ని ఆపుతుందన్నది నిజమే, కానీ పచ్చి గాయానికి బాగా మంట పుడుతుంది, మరుసటిసారి చిట్టి కాలు ఇవ్వదు. చిటికెడు మొక్కజొన్న పిండిలో గోరు కొనను అద్ది, దూదితో రెండు మూడు నిమిషాలు అదిమి పట్టండి. డెట్టాల్ లాంటివి రాయవద్దు, పిల్లి కాలు నాకుతుంది, అవి దాని శరీరానికి హానికరం. నొప్పి అని మనుషుల పారాసెటమాల్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకండి. దాన్ని విరిచి జీర్ణం చేసుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్రతో పిల్లి చనిపోవచ్చు. సగం మాత్ర మింగించిన పిల్లిని సంచిలో పెట్టుకుని ఒకాయన మా దగ్గరికి వచ్చారు. దాని చిగుళ్ళు అప్పటికే గోధుమ రంగుకు తిరిగాయి, మేము దాన్ని దక్కించలేకపోయాము.

బొబ్బిలి పద్నాలుగు పిల్లులు
ఈ పారాసెటమాల్ విషయం నాకు తెలియదు. చెప్పినందుకు కృతజ్ఞతలు. మెడ విషయంలో నా అభిప్రాయం నాదే.

ఆమదాలవలస నర్సమ్మ
నేను రెండు ప్రశ్నలు అడిగాను, జవాబు రాలేదు. మళ్ళీ అడుగుతున్నాను. పిల్లి గీత అని తేలిగ్గా తీసుకున్నవారిని నేను నా ఉద్యోగంలో చాలామందిని చూశాను. రేబిస్ లక్షణాలు పైకి వచ్చాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. గీత పడిన వెంటనే సబ్బు, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కాఫీపొడి, సున్నం ఏదీ పెట్టకూడదు. టీకా సర్కారు ఆసుపత్రిలో ఉచితంగానే వేస్తారు, చర్మంలోకి వేసేదైతే 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు. రక్తం వచ్చేలా గీస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరక్షకాల మందు) కూడా అవసరం కావచ్చు, అది వైద్యులు చూసి నిర్ణయిస్తారు. రోజులు గడిచాయని మానుకోవడం తప్పు, ఆలస్యమైనా వెళ్ళాలి.

కంటోన్మెంట్ మేడగది, విజయనగరం
క్షమించండి అమ్మా, గోళ్ళ ధ్యాసలో మీ ప్రశ్న వదిలేశాను. చిట్టికి టీకా వేయించి ఏడాది దాటిపోయింది. గీతను ఆ రోజు ఉత్త నీళ్ళతోనే కడిగాము. మీ మాట చదివాక మా వారికి ఫోన్ చేశాను. రేపు ఉదయం అత్తగారిని ఆసుపత్రికి తీసుకువెళుతున్నాము, చిట్టికి కూడా ఈ వారమే టీకా వేయిస్తాము.

ఆమదాలవలస నర్సమ్మ
మంచిది. షుగరు చీటీలు కూడా పట్టుకువెళ్ళండి.

కంటోన్మెంట్ మేడగది, విజయనగరం
పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. అత్తగారికి టీకా మూడు మోతాదులు పడ్డాయి, గాయం ఎండుతోంది. చిట్టికి చీపురుపల్లివారు చెప్పినట్టే నాలుగు రోజులు వేళ్ళు నొక్కడం, మాంసం పీలిక పెట్టడం తప్ప ఏమీ చేయలేదు. ఐదో రోజు కుడికాలి బొటనవేలి గోరు తీశాను. పొందూరువారు అన్నది నిజం, అది దాదాపు చుట్ట తిరిగి మెత్తకు ఆనుకుంటోంది, ఇంకో నెల ఆగితే లోపలికి దిగేది. చిటుక్కుమన్న చప్పుడుకి చిట్టి తల తిప్పి చూసింది, కాలు మాత్రం వెనక్కి లాక్కోలేదు. ఇప్పటికి ముందుకాళ్ళవి ఎనిమిది అయ్యాయి, రెండు నల్లవి మిగిలాయి. టార్చి వేసినా నాకు లోపల ఏమీ కనిపించడం లేదు. నిన్న అత్తగారు తన గది తలుపు కాస్త తెరిచి పెట్టుకుని పడుకున్నారు.

చీపురుపల్లి విశ్రాంత ఉద్యోగి
నల్లవి రెండూ మొన మాత్రమే, బియ్యపు గింజ మందంలో సగం. వారం ఆగి మళ్ళీ అంతే.