నవలా రచయితలు చదివి వినిపించే సభకి మొదటిసారి వెళ్తున్నా, పుస్తకాలు ముందే చదవాలా?

మూడోవరస:
వచ్చే శనివారం ముగ్గురు నవలా రచయితలు తమ నవలల్లోంచి కొన్ని పేజీలు చదివి వినిపించే సభ ఉంది. ఉత్సాహంలో పేరు ఇచ్చేశాను, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. ముగ్గురిలో ఒక్కరి నవలే చదివాను, మిగతా ఇద్దరి పేర్లు విన్నానంతే. చదవకుండా వెళ్తే ఏమైనా అర్థమవుతుందా, లేక బిక్కమొహం వేసుకుని కూర్చోవాలా? ఇంకోటి, నాకు ఎవరైనా చదువుతుంటే అయిదు నిమిషాల్లో ధ్యాస ఎటో పోతుంది. చివర్లో ప్రశ్నలు అడగమంటారట, ఏం అడగాలో కూడా తెలీదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాతశ్రోత:
చదవకపోయినా నిక్షేపంగా వెళ్లండి. వచ్చినవాళ్లలో సగం మంది చదివి ఉండరు అనే లెక్కతోనే రచయితలు పేజీలు ఎంచుకుంటారు. చాలామంది మొదటి అధ్యాయమే ఎందుకు చదువుతారంటే దానికి ముందు కథ చెప్పే పని లేదు కాబట్టి. మధ్యలోంచి ఏదైనా తీసుకుంటే మొదలుపెట్టే ముందు ఎవరెవరో నాలుగు ముక్కల్లో చెప్తారు. ఆ నాలుగు ముక్కలు మాత్రం వదలకండి, అవి జారిపోయాయా, తర్వాత పావుగంటా "ఇంతకీ ఈవిడ అతనికి అక్కా, పెళ్లామా" అని లెక్కలు వేసుకోవడంతోనే సరిపోతుంది (నా స్వానుభవం).

ధ్యాస పోవడం అందరికీ ఉండేదే. పుస్తకంలో అయితే రెండు పేజీలు వెనక్కి తిప్పుతాం, చెవికి ఆ వెసులుబాటు లేదు. నేను చేసేదేంటంటే అన్నీ గుర్తుపెట్టుకోవాలని చూడను, ఎవరో ఒక పాత్ర మాట తీరు పట్టుకుని కూర్చుంటాను. మళ్లీ ఆ గొంతు వినపడగానే దారిలో పడతాను.

పుస్తకం తెరిచి ఒడిలో పెట్టుకుని వాళ్లు చదివేది వరసగా చూసుకోవద్దు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివేవాళ్లు తక్కువ. ఇంగ్లిష్ నవలా రచయిత చార్లెస్ డికెన్స్ 1858 నుంచి డబ్బు తీసుకుని చదివి వినిపించడం మొదలుపెట్టాడు కదా, ఆయన అందుకోసం విడిగా ప్రతులు తయారు చేసుకునేవాడు, పేజీలకి పేజీలు కొట్టేసి, ఎక్కడ చెయ్యి ఎత్తాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో పక్కన రాసుకుని. చివరికొచ్చేసరికి ఆయన నవల 'ఆలివర్ ట్విస్ట్'లోని నాన్సీ అనే అమ్మాయి హత్య ఘట్టం చదివిన రోజుల్లో నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోందో వైద్యుడు దగ్గరుండి చూసేవాడు. 1869లో వైద్యులు ఊరూరా తిరిగి చదివే యాత్ర ఆపించేశారు, అయినా మనిషి వినలేదు, 1870 మార్చిలో ఆఖరిసారి చదివాడు, జూన్‌లో పోయాడు. మీరు వెళ్లే సభ అంత ప్రమాదంగా ఉండదు లెండి.

కుండబద్దలు:
అందరూ డికెన్స్‌లు కారు బాబూ. మంచి నవల రాసినాయన మంచిగా చదువుతాడని రూలేం లేదు. తల ఎత్తకుండా, మైకుకి దూరంగా, హాజరు పట్టీ చదివినట్టు చదివేవాళ్లని చాలామందిని చూశాను. ఫ్రెంచ్ నవలా రచయిత ఫ్లోబేర్ 27 ఏళ్ల వయసులో తన రచనని ఇద్దరు స్నేహితులకి నాలుగు రోజులపాటు, మొత్తం 32 గంటలు చదివి వినిపించాడు, మధ్యలో నోరెత్తకూడదని షరతు. అంతా విని వాళ్లు చెప్పింది ఏంటంటే దీన్ని తీసుకెళ్లి మంటల్లో పడెయ్ అని. నేనైతే చదవడం అయిపోయాక జరిగే చర్చకి వెళ్తాను, చదవడం ఇంట్లో నేనే చదువుకోగలను.

చిత్తుప్రతి:
నేను నవలలు రాస్తాను, పెద్ద పేరేం లేదు, వేదిక ఎక్కి చదివింది మూడుసార్లు. కుండబద్దలు గారన్నది నిజమే, మాలో చాలామందికి చదవడం రాదు. కానీ వినేవాళ్లు ఎదురుగా ఉంటే రాసినవాడికి తెలిసొచ్చేవి కొన్ని ఉంటాయి. ఒకసారి తండ్రి చావు గురించిన పేజీ చదువుతున్నాను, ఒక వాక్యం దగ్గర హాలంతా నవ్వేసింది. నేను నవ్వు కోసం రాయలేదు. మొహం మాడింది, కానీ ఇంటికెళ్లి చూసుకుంటే ఆ కొడుకు మొదట్నుంచీ నవ్వొచ్చే మనిషే, నాకే తెలీలేదు. రెండో నవలలో ఆ బాపతు మనిషిని తెలిసి రాశాను.

ప్రశ్నల సంగతి. "ఇది మీ సొంత జీవితమేనా" అని దయచేసి అడగొద్దు, ఔనన్నా కాదన్నా ఇంట్లోవాళ్లతో గొడవ. ప్రశ్న పేరుతో అయిదు నిమిషాలు మాట్లాడే పెద్దమనిషి ఎలాగూ ఒకరు ఉంటారు, మీరు చిన్నగా, అప్పుడే విన్న పేజీ గురించి అడగండి. అక్కడే ఎందుకు ఆపారు, ఆ పాత్ర యాస ఎక్కడిది, లాంటివి. అలాంటివి అడిగితే మాకు ప్రాణం లేచొస్తుంది. ఇంకో మాట, అడగకుండా ఫోన్లో రికార్డు చేయకండి, ఒక్కోసారి ఇంకా అచ్చుకి వెళ్లని అధ్యాయం చదువుతాం, దాన్ని తర్వాత మార్చేస్తాం కూడా.

పాతశ్రోత:
@కుండబద్దలు, పేలవంగా చదివినా పనికొస్తుందండీ. ఒక నవలలో తల్లి మాటలన్నీ నేను తిట్లు అనుకుని చదివాను. రచయిత్రి తన యాసలో చదువుతుంటే తెలిసింది, ఆవిడ గారాబం చేస్తోంది. నటన ఏమీ లేదు, మామూలుగానే చదివారు. ఇంట్లో పదిసార్లు చదివినా నాకు ఆ ముక్క తట్టేది కాదు.

కుండబద్దలు:
సరే, ఇది ఒప్పుకుంటా.

మూడోవరస:
వెళ్లొచ్చాను! పాతశ్రోత గారూ, తిట్టకండి, పుస్తకం తెరిచే కూర్చున్నాను. నేను చదివిన నవలాయన మొదట చదివారు, సరిగ్గా నాకు బాగా ఇష్టమైన పేరా వచ్చేసరికి దాన్ని మొత్తం దాటేసి కిందకి వెళ్లిపోయారు. పేజీ తప్పిందేమో అనుకున్నాను. చివర్లో ధైర్యం చేసి అదే అడిగాను. ఆయన నవ్వి, అది కంటి కోసం రాసిన పేరా, ఇంట్లో పైకి చదివి చూసుకుంటే వాక్యం పూర్తయ్యేలోపు ఊపిరి ఆడలేదు, అందుకే తీసేశాను అన్నారు. ఇంటికొచ్చి నేనూ పైకి చదివి చూశాను, నిజంగానే మధ్యలో ఆగిపోయాను.

రెండో ఆవిడ అచ్చు కాని అధ్యాయమే చదివారు, పేర్లు ఒక్కటీ గుర్తులేవు గానీ తలుపు దగ్గర చెప్పుల జత చూసి వెనక్కి వెళ్లిపోయే మనిషి మాత్రం ఇంకా కళ్లముందే ఉన్నాడు. మూడో ఆయన దగ్గర నా ధ్యాస ఎటు పోయిందో నాకే తెలీదు. సంతకం లైన్ చాంతాడంత ఉంది, నించోలేదు.