జయించు, ఓర్చు: ప్రకటన గ్రంథంలో ఇంతకీ గెలిచిందెవరు?

దేవరకొండ నుంచి, ప్రశ్న:

పెద్దలకు నమస్తే. ఒక క్రియాపదం గురించి అడుగుతున్న. మా దిక్కు ఆటోల వెనుక, దర్వాజల మీద, క్యాలెండర్ల మీద "యేసు రక్తమే జయం" అని రాసి ఉంటది. దీనికి మూలం బైబిల్ చివరి పుస్తకం, ప్రకటన గ్రంథం 12:11 అని మా సంఘపెద్ద చెప్పిండు. "వారు గొఱ్ఱెపిల్ల రక్తమును బట్టియు, తామిచ్చిన సాక్ష్యమును బట్టియు వానిని జయించియున్నారు." బాగనే ఉంది. పేజీ తిప్పిన. 13:7ల క్రూరమృగం గురించి, "పరిశుద్ధులతో యుద్ధము చేయను వారిని జయింపను దానికి అధికారమియ్యబడెను" అని ఉంది. ఆడ విశ్వాసులు సాతానును జయించిన్రు. ఈడ మృగం వచ్చి ఆ విశ్వాసులనే జయించింది. రెండు చోట్లా ఒకటే "జయించు". అనువాదకులు చూసుకోలేదా, మూలంలోనే అట్లుందా? మతం మీద కొట్లాట వద్దు, మాట మీదనే చెప్పున్రి.

గద్వాల నుంచి:

మూలం సంగతి తర్వాత, అసలు "గెలుచు" అని రాస్తే పోయేది కదా అన్నా. మా నాయినమ్మకు కూడా సమజైతది. ఈ జయించుడు ఎందుకు?

పాలమూరు నుంచి (తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి):

గద్వాల తమ్ముడి మాట ముందు చూద్దాం, అది తేలితే దేవరకొండ ప్రశ్న సగం తేలుతుంది. ఎలక్షన్లో సర్పంచ్ గెలుస్తాడు. కబడ్డీ గెలుస్తారు, కోర్టులో కేసు గెలుస్తారు. "సర్పంచ్‌గా జయించాడు" అని పేపరువాళ్లు కూడా రాయరు. కోపాన్ని మాత్రం జయించాలంటాం. ఆకలిని, నిద్రను జయించాడంటాం. చావును జయించినవాడు మృత్యుంజయుడు, ఇంద్రియాలను జయించినవాడు జితేంద్రియుడు. అదే నోటితో ఫలానా రాజు ఫలానా దేశాన్ని జయించాడనీ అంటాం, అది కత్తితో జరిగిన పని. అంటే ఈ ఒక్క మాటలో దండయాత్రా ఉంది, తపస్సూ ఉంది. "గెలుచు"లో ఆ రెండో అర్థానికి చోటు తక్కువ. పాత అనువాదకులు ఆలోచించి వేశారో, అలవాటుగా వేశారో గాని, ఈ గ్రంథానికి ఇంతకంటే సరైన మాట దొరకదు.

ఇప్పుడు గ్రీకు మూలం. అక్కడా రెండు చోట్లా ఒకటే క్రియ, నికావో. రెక్కలున్న విజయదేవత నికే పేరూ ఈ క్రియా ఒకే కుదురువి, ఈ కాలపు బూట్ల కంపెనీ పేరూ ఆమెదే. రోమా చక్రవర్తులు తమ నాణేల మీద ఆ దేవతను విక్టోరియా పేరుతో ముద్రించుకునేవారు. అంటే పెర్గములోనో స్ముర్నలోనో కూరగాయలు కొనడానికి ఇచ్చే డబ్బు మీద కూడా "జయం మాదే" అని చక్రవర్తి రాసుకున్న కాలం అది. ఈ గ్రంథం రాసిన యోహాను ఆ మాటనే లాక్కున్నాడు. గ్రంథం మొత్తంలో ఆ క్రియ 17 సార్లు వస్తుంది. ఏడు సంఘాలకు రాసిన ఏడు ఉత్తరాల్లోనే 8 సార్లు ఉంది, ప్రతి ఉత్తరంలో "జయించువానికి" అనో "జయించువాడు" అనో ఒక వాగ్దానం ఉంటుంది. లవొదికయ వాళ్లకు రాసిన చోట రెండు సార్లు. కీలకం ఆ రెండోదే, అక్కడ మాట్లాడేది యేసు: "నేను జయించి నా తండ్రితోకూడ ఆయన సింహాసనమునందు కూర్చుండియున్న ప్రకారము" జయించువానిని కూర్చోబెడతానంటాడు. "ప్రకారము" అన్నది పట్టుకోండి. ఆయన ఏ ప్రకారం జయించాడు? సిలువ మీద చనిపోయి. ఇంకో లెక్క లేదు.

అయిదో అధ్యాయంలో అది బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంది. యోహాను ఏడుస్తుంటే పెద్దలలో ఒకడు "ఏడువకుము, యూదా గోత్రపు సింహము జయము పొందెను" అంటాడు. చెవికి సింహం వినబడింది. తల ఎత్తి చూస్తే కంటికి కనబడింది "వధింపబడినట్లుండిన గొఱ్ఱెపిల్ల", అంటే యేసే. ఆ తరువాత గ్రంథం చివరిదాకా గొఱ్ఱెపిల్లే వస్తుంది, ఈ సింహం మళ్లీ రాదు.

దేవరకొండ తమ్ముడూ, నీ 13:7ను ఇప్పుడు చదువు. మృగం జయించింది అంటే చంపింది. ఊరంతా చూసింది అంతే, దండోరా కూడా అదే. 12:11లో అదే చావును పరలోకం నుంచి చూసి చెబుతున్నారు: "మరణము వరకు తమ ప్రాణములను ప్రేమించినవారు కారు" కాబట్టి జయించింది వీళ్లు. సంఘటన ఒకటే, తీర్పులు రెండు. మాట మార్చి "మృగము వారిని చంపెను, వారు వానిని జయించిరి" అని రాసుంటే ఈ ఢీ కనబడేది కాదు. అనువాదకులు మార్చనందుకు వాళ్లకు దండం పెట్టాలి.

మిర్యాలగూడ నుంచి:

మంచిగ చెప్పిన్రు సార్. ఇంకొకటి నేను కలుపుత. 15:2 చూడున్రి. మృగానికి, దాని ప్రతిమకు, దాని సంఖ్యకు "లోబడక జయించినవారు" స్ఫటికపు సముద్రం కాడ వీణెలు పట్టుకొని నిలబడ్డరు. గ్రీకుల "లోబడక" అన్న మాట లేదు, మృగం నుంచి జయించినవారు అని మాత్రమే ఉంది, అది గ్రీకులోనే కొంచెం తిరకాసు వాక్యం. మన తెలుగు అనువాదం దాన్ని విప్పి చెప్పింది. లొంగలే, అందుకే జయించిన్రు. కత్తి తీసిన్రని ఎక్కడా లేదు.

సూర్యాపేట నుంచి:

అంతా సూచనలే అంటే ఎట్లా? మా దగ్గర ఉజ్జీవ కూటాలకు వచ్చే ప్రసంగికులు గుడ్డ మీద గీసిన పటం వేలాడదీసి, ఏడేండ్ల శ్రమలు, విశ్వాసులు ఆకాశానికి ఎత్తబడుట, హార్‌మెగిద్దోను యుద్ధం, వెయ్యేండ్ల పాలన అని వరుసగా కర్రతో చూపిస్తారు. అది తప్పా? యుద్ధమంటే యుద్ధమే కదా.

పాలమూరు నుంచి:

తప్పని నేనను. ఆ పటంతో భక్తి పెరిగినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. కాని గ్రంథం తన గురించి తాను ఏమంటుందో మొదటి వచనంలోనే ఉంది: దూత ద్వారా "వాటిని సూచించెను". దీపస్తంభాలంటే సంఘాలని 1:20 చెబుతుంది, ఏడు తలలంటే ఏడు కొండలని 17:9 చెబుతుంది. 11:8లో పట్టణానికి "ఉపమానరూపముగా సొదొమ అనియు ఐగుప్తు అనియు" పేరు పెట్టారు. తనే ఇన్ని తాళంచెవులు ఇచ్చిన పుస్తకాన్ని పంచాంగంలా చదవడం నాకు మింగుడు పడదు. సూచనగా చదవడం ఈ మధ్య పుట్టిన ఫ్యాషనూ కాదు. అయిదో శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు అగస్టీను వెయ్యేండ్లను క్రీస్తు మొదటి రాకకూ చివరి రాకకూ మధ్య నడిచే సంఘకాలమని చెప్పాడు.

యుద్ధమంటారా, 19వ అధ్యాయంలో తెల్ల గుర్రం మీద వచ్చేవాడి ఖడ్గం ఎక్కడుంది? చేతిలో లేదు. "ఆయన నోటనుండి" వస్తుంది. ఆయన వస్త్రం రక్తంలో ముంచబడి ఉంది, అదీ యుద్ధం ఇంకా మొదలుకాకముందే. ఆ రక్తం శత్రువులదని చదివేవాళ్లున్నారు. మొదటినుంచీ వధింపబడిన గొఱ్ఱెపిల్లను చూసుకుంటూ వచ్చినవాడికి అది ఆయన రక్తమేనని తోస్తుంది, నాకైతే అంతే.

ఇక మృగం సంఖ్య, ఆరువందల అరువదియారు సంగతి. ఆధార్ వచ్చినప్పుడు ఆధార్, కరోనా టీకా వచ్చినప్పుడు టీకా, వాట్సాప్‌లో ముద్ర మారుతూనే ఉంది. నీరో చక్రవర్తి పేరును హెబ్రీ అక్షరాల్లో రాసి కూడితే 666 వస్తుంది. కొన్ని పాత ప్రతుల్లో 616 అని ఉంది, లాటిన్ పలుకుబడిలో ఆ పేరు చివర ఒక అక్షరం తగ్గితే వచ్చే లెక్క అదే. దీని మీద ఇంతకంటే పొద్దు పుచ్చడం దండగ.

మన జిల్లాలకు సంబంధించిన ముచ్చట ఒకటి చెబుతా. పాలమూరు, జడ్చర్ల, నాగర్‌కర్నూల్, గద్వాల, దేవరకొండల్లో ఎంబీ చర్చి అంటాం కదా, ఆ ఎంబీ అంటే మెన్నోనైట్ బ్రదరెన్. మెన్నో అనేది ఒక మనిషి పేరు, మెన్నో సైమన్స్, హాలండ్ దేశపు పాదిరి. ఆయన కాలంలో జర్మనీలోని మున్‌స్టర్ పట్టణంలో కొందరు అనబాప్టిస్టులు (పెద్దయ్యాకే బాప్తిస్మం అనేవాళ్లు) ఇదే ప్రకటన గ్రంథం చదివి, నూతన యెరూషలేము ఇక్కడే దిగుతుందని కత్తి పట్టారు. 1534లో ఊరు చేజిక్కించుకున్నారు, తమలో ఒకణ్ణి రాజును చేసుకున్నారు. 1535లో బిషప్ సేన ఊళ్లో పడి నరికేసింది. నాయకుల శవాలను ఇనుప బోనుల్లో పెట్టి చర్చి గోపురానికి వేలాడదీశారు, ఆ బోనులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మరుసటి ఏడు మెన్నో తన పాదిరి పదవి వదిలి, చెదిరిపోయిన మిగతా అనబాప్టిస్టుల్లోకి వెళ్లాడు. ఆయుధం పట్టబోమన్న వాళ్ల దారిని నిలబెట్టాడు. ఒకటే పుస్తకం, ఒకటే "జయించు", ఒక గుంపు దాన్ని దండయాత్రగా చదివింది, ఇంకొకటి గొఱ్ఱెపిల్ల ప్రకారం చదివింది. పాలమూరుకు చేరింది రెండోవాళ్ల వంశం. మా సంఘాల్లో సగం మందికి ఈ సంగతి తెలియదు, ఎంబీ అంటే మిషన్ పేరని ఊరుకుంటారు.

నకిరేకల్ నుంచి:

ఖర్జూరపు మట్టల ముచ్చట ఎవరూ ఎత్తలేదేంది? 7:9ల తెల్లబట్టలోళ్లంతా "ఖర్జూరపుమట్టలు చేతపట్టుకొని" ఉంటరు. ఆ కాలంల అది గెలిచినోని గుర్తు. మా ఊర్ల మట్టల ఆదివారం నాడు ఖర్జూరం ఏడ దొరకాలె, గౌడాయనను అడిగి ఈతమట్టలు కొట్టుకొస్తం. ముండ్లు చెక్కకుంటే పిల్లల చేతులు గీరుకపోతయ్. ఈత చెట్టు ఖర్జూరం చెట్టు జాతిదేనట, గట్లయితే మేం పెద్ద తప్పేం చేస్తలేం.

పాలమూరు నుంచి:

తప్పేం లేదు, రెండూ ఒకే కుటుంబం. సరే, నేను అసలు చెప్పాలనుకున్నది ఇంకా మిగిలే ఉంది. 13:7లో మృగం జయించాక, మూడు వచనాలు దాటితే 13:10లో "పరిశుద్ధుల ఓర్పు" అని వస్తుంది. 14:12లో మళ్లీ అదే "పరిశుద్ధుల ఓర్పు". 1:9లో యోహాను తాను పత్మాసు ద్వీపంలో పరవాసిగా ఉన్నది చెబుతూ శ్రమలో, రాజ్యంలో, సహనంలో పాలివాణ్ణంటాడు. అక్కడ సహనమన్నా ఇక్కడ ఓర్పన్నా గ్రీకులో ఒకటే మాట.

ఓర్పు ఎక్కడిది? తీర్చు నుంచి తీర్పు, నేర్చు నుంచి నేర్పు, మార్చు నుంచి మార్పు వచ్చినట్టే ఓర్చు నుంచి ఓర్పు. పాత నిఘంటువు తీసి ఓర్చు చూడండి. సహించు అని ఒక అర్థం ఉంటుంది, జయించు అని ఇంకో అర్థం ఉంటుంది. పాత కావ్యభాషలో శత్రువుల నోర్చుట అంటే వాళ్లను ఓడించడమే. తరువాత వాడుకలో రెండో అర్థం రాలిపోయి, "ఓర్సుకో బిడ్డా" మాత్రం మిగిలింది. ప్రకటన గ్రంథం 22 అధ్యాయాల్లో ఎన్నో దర్శనాలతో చెప్పింది, మన తెలుగు ఒక్క ధాతువులో ఎప్పుడో దాచి పెట్టుకుంది. "జయించువానికి" అన్న చోటల్లా "ఓర్చినవానికి" అని మనసులో పెట్టుకొని చదవండి, ఏ వచనమూ అడ్డం తిరగదు.

హాలియా నుంచి:

సార్, మీరు మంచిగనే చెప్పిన్రు గని నాకు ఒకటి గుచ్చుకుంటున్నది. ఓర్సుకో అనే మాట మా ఆడోళ్లకు పుట్టినప్పటి సంది వినబడేదే. మొగుడు కొట్టినా ఓర్సుకో, అత్త తిట్టినా ఓర్సుకో, వెనకట దొర వెట్టి చేయించుకున్నా మా తాతలకు ఓర్సుకో. ఇప్పుడు అదే జయం అని మీరంటే, కొట్టేటోడు మస్తు సంతోషపడ్తడు.

పాలమూరు నుంచి:

అమ్మా, ఈ మాట అడగాల్సిందే. మాటను విడిగా పట్టుకుంటే మీరన్న గండం నిజంగానే ఉంది. గ్రంథంలో ఓర్చినవాళ్లు నోరు మూసుకున్నవాళ్లేనా, అది చూడాలి. 12:11 మళ్లీ చదవండి, రక్తం ఒక్కటే లేదు, "తామిచ్చిన సాక్ష్యమును బట్టియు" అని ఉంది. సాక్ష్యమంటే పదిమందిలో నోరు తెరిచి ఉన్నది ఉన్నట్టు చెప్పడం. పెర్గములో అంతిప అనే విశ్వాసిని చంపింది అందుకే, ఆయనకు ఉత్తరంలో దక్కిన బిరుదు కూడా సాక్షి అనే. 15:2లో మిర్యాలగూడ తమ్ముడు చూపించిన "లోబడక" ఉండనే ఉంది. కొట్టేవాడికి లోబడమని ఈ గ్రంథంలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మృగానికి లోబడొద్దనే చెప్పారు.

ఇంకా 6:10 ఉంది. చంపబడినవాళ్ల ఆత్మలు బలిపీఠం కింద నుంచి బిగ్గరగా కేకలు వేస్తాయి: "యెందాక తీర్పు తీర్చకయు, మా రక్తము నిమిత్తము భూనివాసులకు ప్రతిదండన చేయకయు ఉందువని". దేవుణ్ణే నిలదీస్తున్నాయి. ఊరుకోండని ఎవరూ కసరలేదు. ఒక్కొక్కరికీ తెల్లని వస్త్రం ఇచ్చి, ఇంకా కొంచెం కాలం విశ్రమించమన్నారు.

హాలియా నుంచి:

గట్లయితే సరే సార్. ఈ "యెందాక" అనేది మటుకు మా నోట్లె ఇంకా ఉన్నది. పొలం కాడ నీళ్ల వంతు రాకుంటే "ఎందాక నిలవడాలె" అంటం.

దేవరకొండ నుంచి:

అక్కా, "ఎందాక" మీద వేరే పోస్టు పెడుత, అది మన యాసకు ఎట్ల మిగిలిందో చూద్దాం. పాలమూరు సార్‌కు ఒక మాట, "ఓర్వలేనితనం" అంటే అసూయ ఎట్లయిందో కూడా చెప్పున్రి, మీ లెక్కల అది గెలవలేనితనం కావాలె కదా.

పాలమూరు నుంచి:

పక్కవాడి మంచిని సహించలేకపోవడం, అంతే తమ్ముడూ, మొదటి అర్థం దారిలోదే అది. జయించడం దాకా లాగకు.